తోక తెగిన బోర్డుకి దక్కిన మర్యాద

స్నోబోర్డులకి ఇన్ని ఆకారాలు కనిపెట్టినవాళ్ళు ఎవరోగానీ, వాళ్ళ కడుపు చల్లగా ఉండాలి!

ఈ మాటకి నన్ను తిట్టుకునేవాళ్ళు చాలామందే ఉంటారని తెలుసు. ఈ చలికాలం మా తాష్‌బెల్ లోయకి వచ్చిన ప్రతి అతిథిదీ ఒకటే గోడు. ఒకప్పుడు బోర్డంటే బోర్డు. కాళ్ళకి కట్టుకున్నామా, అడ్డంగా నిలబడ్డామా, మంచు మీద జారామా, అంతే. ఇప్పుడు చూడండి. ముక్కు పొడుగుది, ముక్కు వెడల్పుది, నడుం సన్నంది, అసలు నడుమే లేనిది, రెండు కొసలూ ఒకేలా ఉండేది, విల్లులా మధ్యలో పైకి లేచింది, ఊయలలా మధ్యలో కిందికి దిగింది, ఒక పాదం కింద విల్లూ రెండో పాదం కింద ఊయలా అయినది. ఇన్నిట్లో మనిషన్నవాడు ఏది ఎంచుకోవాలి అని వాళ్ళ బాధ.

ఎంచుకోకపోతే వచ్చిన నష్టమేమిటని నేనడుగుతున్నాను. పోయిన నెల బిష్కెక్ నుంచి కొత్తగా పెళ్ళయిన జంట ఒకటి మా ఇంట్లో దిగింది. విల్లే మంచిదని ఆయన, ఊయలే మంచిదని ఆవిడ. వచ్చిన దగ్గర్నుంచి తిరిగి వెళ్ళేదాకా బోర్డులుండే కొట్టంలోనే కూర్చుని ఆ సంగతి చర్చించుకున్నారు. ఒక్కరికీ కాలు విరగలేదు. మొగుడూ పెళ్ళాం అంతసేపు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం మా ఊళ్ళో అంతకుముందు ఎవరూ చూసి ఎరగరు. అల్మాటీ పెద్దమనిషి ఒకాయనైతే రెండు బోర్డుల్లో ఏదీ తేల్చుకోలేక, రెంటినీ గదిలోకి తీసుకెళ్ళి ఇటొకటీ అటొకటీ పెట్టుకుని పడుకున్నాడు. పొద్దున్నే లేచి, చాలా రోజుల తర్వాత హాయిగా నిద్రపట్టిందని చెప్పి, కొండ వంకైనా చూడకుండా ఇంటికి పోయాడు. ఇంత ఆరోగ్యకరమైన ఆట ఇంకోటి ఉందా?

అయితే ఇవన్నీ చిల్లర లాభాలు. అసలు లాభం మర్యాదకి సంబంధించింది. అది అర్థం కావాలంటే మా ఇంటి సంగతి చెప్పాలి.

నేను ఈ ఇంటి కోడలిని. మా కిర్గిజ్ ఇళ్ళల్లో కోడలు అత్తింటి పెద్దల పేర్లు పలకకూడదు. రాయకూడదని ఎవరూ అనలేదుగానీ, నాకెందుకొచ్చిన గొడవ. అందుకని ఈ వ్యాసంలో మా వాళ్ళ పేర్లు ఉండవు. కింద నా పేరు కూడా ఉండదు. పేర్లే లేవు కాబట్టి ఎవరి పరువూ పోదు. పోతే అది గుర్తుపట్టినవాళ్ళ తప్పు.

మా దగ్గర గొర్రెని కోస్తే ప్రతి ఎముకకీ ఒక మనిషి ఉంటాడు. తల గౌరవ అతిథికి. తుంటి ఎముక అందరికన్నా పెద్దాయనకి. కొవ్వు తోకతో ఉన్న వెనక భాగం ఇంటి పెద్దావిడకి. తొడ ఎముక ఆ తర్వాతివాళ్ళకి. అలా వయసునిబట్టి దిగుతూ దిగుతూ కోడలి దాకా వచ్చేసరికి గిన్నె మిగులుతుంది. ఎవరి ఆకలెంత, ఎవరి నోట్లో పళ్ళున్నాయి అనేవి ఇందులో లెక్కకి రావు. ఆకలి చూసి పెడితే అది భోజనం. వరస చూసి పెడితేనే మర్యాద.

ఊళ్ళో బొగ్గు గని మూతపడ్డాక మాకు మిగిలింది మంచే. ఆ మంచు కోసం అతిథులు రావడం మొదలైంది. వాళ్ళు వదిలేసిపోయినవీ, కరకోల్ బజారులో కొన్న పాతవీ కలిసి కొట్టం నిండా బోర్డులు చేరాయి. మొదట్లో అన్నీ ఒకే ఆకారం. అప్పుడు మా మామగారు పడ్డ అవస్థ పగవాడికి కూడా వద్దు. ఆయన గనిలో ఒక షిఫ్టుకి పెద్దగా పనిచేసిన మనిషి. పెద్దవాడికీ చిన్నవాడికీ ఒకే రకం పలక ఇస్తే ఇక లోకంలో కట్టుబాటు ఏముంటుంది? ఆ దిగులుతో ఆయన ఒక చలికాలమంతా సరిగ్గా భోంచెయ్యలేదు.

అంతలో దేవుడు కరుణించి ఆకారాలు పంపించాడు. గొర్రెలో ఎన్ని ఎముకలో బోర్డుల్లో అన్ని రకాలు! మామగారి మొహం కళకళలాడింది.

అప్పట్నుంచీ ఏటా తొలి మంచు పడగానే మా కొట్టంలో పంపకం జరుగుతుంది. మామగారు తెల్ల కల్పాక్ టోపీ పెట్టుకుని, చేతులు కడుక్కుని, బోర్డులన్నీ గోడకి వరసగా నిలబెట్టిస్తారు. ఒక్కొక్కటే రెండు చేతులతో ఎత్తి, దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఎవరికి చెందాలో వాళ్ళకి అందిస్తారు. ఈ విషయంలో ఆయన సిద్ధాంతం ఒకటే.

"బోర్డుని కాలికి కాదు, మనిషికి ఇవ్వాలి."

అన్నిటికన్నా పొడుగ్గా, బిగువుగా, విల్లులా వంపు తిరిగి ఉన్నది ఆయనకే. గట్టి మంచు మీద బాణంలా దూసుకుపోవడానికి చేసిన బోర్డది. ఆయన దాన్ని ఎప్పుడూ పశువుల పాక పక్క దిబ్బ దాటి తీసుకెళ్ళలేదు. గొర్రెతల అందుకున్నవాడు దాన్ని నెత్తిన పెట్టుకుని తిరుగుతాడా? ఇదీ అంతే. దాని తర్వాత పొడుగు ముక్కుది మా బావగారికి. రెండు కొసలూ ఒకేలా ఉన్నది మా ఆయనకి. ఇది మాత్రం మామగారు బాగా ఆలోచించి ఇచ్చారనే చెప్పాలి. అది ఎటు తిప్పినా ముందుకే వెళ్తుంది. మా ఆయన కూడా వాళ్ళ నాన్న దగ్గర కూర్చుంటే "నిజమే నాన్నా" అంటాడు, నా దగ్గర కూర్చుంటే "నిజమేనే" అంటాడు.

మా అత్తగారు బోర్డు ఎక్కరు. అయినా వరసలో ఉన్నారు కాబట్టి వాటా ఉంది. అన్నిటికన్నా వెడల్పుది ఆవిడకి దక్కింది. దాని మీద ఆవిడ కురుత్ ఉండలు ఆరబెడతారు. పెరుగుని గడ్డకట్టించి చేసిన ఆ ఉండలకి గాలి తగలాలి, దొర్లి కింద పడకూడదు. కొసలు పైకి లేచిన వెడల్పాటి బోర్డు అందుకు పెట్టింది పేరు. మా ఇంటి చరిత్రలో సరైన మనిషికి సరైన బోర్డు దక్కింది ఆ ఒక్కసారే.

నాకు మిగిలింది. మొదటి చలికాలం మిగిలింది గులాబీరంగు పిల్లల బోర్డు, దాని మీద నవ్వుతున్న ఎలుగుబంటి బొమ్మ. నా మడమలు పక్కనుంచి బయటికి వచ్చి, మలుపు తిరిగినప్పుడల్లా మంచుని గీసేవి. మడమ గీసుకుంటే పడతాం. పడితే వినయం అలవడుతుంది. కోడలికి అంతకన్నా కావలసిందేముంది?

బయట వేరే పద్ధతులు ఉన్నాయని నాకు తెలియక కాదు. నేను పుట్టి పెరిగింది కరకోల్ కొండ కింద. మా నాన్న అక్కడ లిఫ్టు నడిపేవాడు. నాకు నడక రావడానికీ జారడం రావడానికీ మధ్య పెద్ద ఎడం లేదు. అక్కడ బోర్డు ఎలా ఇస్తారో చెబితే మీరు నోరు నొక్కుకుంటారు. ముందు పాదం ఎంతో అడుగుతారు. బూటు అంచు బోర్డు దాటి బాగా బయటికి రాకూడదట, అలాగని మరీ లోపలే ఉండిపోకూడదట. తర్వాత బరువు అడుగుతారు, ఆడవాళ్ళని కూడా! తేలిక మనిషికి మెత్తగా వంగేది, బరువైన మనిషికి బిగువుది. ఆ తర్వాత ఏ మంచు మీదికి వెళ్తున్నావని అడుగుతారు. గట్టి మంచుకి విల్లు, లోతు మంచుకి ముక్కు పైకి తేలేది. వయసెంత, ఎవరి కోడలివి, మీ మామగారు ఏ హోదాలో రిటైరయ్యారు, ఒక్క ముక్క అడగరు. సిగ్గూశరం లేని జనం.

ఇక నా గొడవ. లోయలో ఎత్తయిన వాలు మీదికి అతిథుల్ని తీసుకెళ్ళాలంటే గైడు పరీక్ష నెగ్గాలి. ఆ పరీక్ష నెగ్గాలని నాకుంది. టీ కాచే సమోవార్ పక్కన కూర్చుని వచ్చేవాళ్ళ కప్పులూ పోయేవాళ్ళ కప్పులూ నింపుతూ, కిటికీలోంచి ఆ వాలుని చూస్తున్నప్పుడు నాకు ఛాతీలో నొప్పి వచ్చేది. ఇది వ్యంగ్యం కాదు, నిజంగానే వచ్చేది. మా ఇంట్లో ఆ పరీక్షకి వెళ్ళే అర్హత బావగారిది, ఎందుకంటే ఆయన పెద్ద కొడుకు. అప్పటికే రెండుసార్లు తప్పి అనుభవం కూడా సంపాదించారు.

కిందటేడు తొలి మంచుకి ముందు మామగారు బజారు నుంచి కొత్త మోపు తెచ్చారు. అందులో ఒకటి పొట్టిగా, బాతు ముక్కులాంటి వెడల్పాటి ముక్కుతో ఉంది. తోక దగ్గర మాత్రం లోపలికి చీల్చినట్టు ఒక గంటు. లోతు మంచులో ఆ గంటు వల్ల తోక కిందికి దిగి ముక్కు తనంతట తానే పైకి లేస్తుంది. నా భుజం దాకా వస్తుంది. వెడల్పు నా బూటుకి అచ్చంగా సరిపోతుంది. ఎవరో నన్ను పక్కన నిలబెట్టుకుని చేసినట్టుంది.  వెంటనే చూపు తిప్పేసుకున్నాను. నేను దేనివంక ఆశగా చూస్తే అది గోడకి మొదటి స్థానంలోకి వెళ్తుందని అప్పటికే నాకు తెలుసు.

ఆ సాయంత్రం టీ పోస్తూ మామగారితో ఒక్క మాట మాత్రం అన్నాను.

"పాపం, దాని తోక ఎవరో కోసేసినట్టున్నారు ఆతా."

కొవ్వు తోక గొర్రెల్ని తరతరాలుగా పెంచిన మనుషుల ముందు తోక ఊసెత్తాను. మామగారి చేతిలో కప్పు ఆగిపోయింది. వెళ్ళి చూసొచ్చారు.

"బజారువాడు నన్ను ముంచాడు. తోక తెగినదాన్ని అంటగట్టాడు."

"అయ్యో, తోక లేనిది గుమ్మంలోకి రానిచ్చారా? ఊళ్ళోవాళ్ళు చూస్తే ఏమనుకుంటారు?" అన్నారు అత్తగారు, బుగ్గన చెయ్యి పెట్టుకుని.

"పొయ్యిలో పెట్టేద్దాం నాన్నా" అన్నారు బావగారు.

 అంతదూరం నేను ఆలోచించలేదు.

"పొయ్యిలో పెడితే రంగు కంపు కొడుతుంది. కోడలికి పడేయండి, దానికెలాగూ ఏదో ఒకటి ఇవ్వాలిగా" అన్నారు అత్తగారు.

మర్నాడు తొలి మంచు పంపకంలో నేను తలవంచుకుని ఆ బోర్డు అందుకున్నాను. తర్వాత వంటింట్లో అత్తగారు బోర్సోక్ పిండిముక్కలు నూనెలో వేయిస్తూ, నా వంక చూడకుండా అన్నారు.

"నేను కోడలిగా వచ్చినప్పుడు బోర్డులు లేవు. గుర్రాలుండేవి. నాకు ముసలిదాన్ని ఇచ్చారు."

"మరి మీరేం చేశారు ఆపా?"

"మంచి గుర్రం కుంటుతోందని మా అత్తకి చెప్పాను."

తర్వాత ఇద్దరం పిండి గురించి మాట్లాడుకున్నాం.

పరీక్ష రోజు వాలు మీద తొడలోతు కొత్త మంచు. బావగారికి గౌరవంగా ఉండాలని మామగారు తన పొడుగాటి విల్లు బోర్డుని స్వయంగా ఇచ్చి పంపారు. నన్ను టీ ఫ్లాస్కూ రొట్టెలూ మొయ్యడానికి పంపారు. గొలుసు చక్రాల పాత బండిలో అందరం పైకి వెళ్ళాం. పరీక్ష పెట్టేది కరకోల్‌లో పిల్లలకి చాలాకాలం స్కీయింగ్ నేర్పిన లిదియా మార్కోవ్నా. బావగారు మొదలుపెట్టారు. గట్టి మంచు కోసం చేసిన ఆ బోర్డు కొత్త మంచులో ముక్కు దించి, అటునుంచి అటే భూమిలోకి పోదామని చూసింది. మూడో మలుపులో బావగారు నడుం దాకా మునిగి నిలబడిపోయారు. ఆయన మొహంలో హోదా ఏమాత్రం తగ్గలేదు.

ఆయనకి టీ అందించాలి కదా. నేను నా తోక తెగిన బోర్డు మీద దిగాను. ముక్కు తేలింది, తోక దిగింది, కింద ఏమీ లేనట్టు వెళ్ళిపోయాను. ఆయన్ని తవ్వి బయటికి తీసి, టీ పోసి, మిగతా అభ్యర్థులకి ఎటునుంచి రావాలో చెయ్యి ఊపి చూపించాను. అందరూ నా గీత మీదుగానే కిందికి వచ్చారు.

"ఆ ఫ్లాస్కు అమ్మాయి ఎవరు?" అంది లిదియా మార్కోవ్నా.

"మా తమ్ముడి భార్యండీ. పరీక్షకి కాదు, టీకి వచ్చింది" అన్నారు బావగారు, చెవుల్లోంచి మంచు దులుపుకుంటూ.

"మీరే టీకి వచ్చినట్టున్నారు. చలికాలం చివర్లో ఇంకో పరీక్ష ఉంది. ఈ పిల్లని పంపండి, ఇదే బోర్డుతో."

ఈ మాట మాకన్నా ముందే ఇంటికి చేరింది. మేము గడప తొక్కేసరికి మామగారు నా బోర్డు కోసమే నిలబడి ఉన్నారు. చేతులు కడుక్కున్నారు. కల్పాక్ పెట్టుకున్నారు. బోర్డు తీసుకుని తోక దగ్గర చాలాసేపు నిమిరారు.

"మనం పొరబడ్డాం. దీనికి తోక తెగలేదు. రెండు తోకలున్నాయి" అన్నారు.

 ఒక తోక ఉంటేనే పెద్దావిడకి పెడతామే, రెండు తోకలంటే ఎవరికి చెందాలో వేరే చెప్పాలా? ఆ రోజే ఆ బోర్డు పెద్దగదిలో, మడత పెట్టిన పరుపుల దొంతర పైన, గోడకి ఎక్కింది. పక్కనే మామగారి గని పతకాలు. ఇంటిని నవ్వులపాలు చేసిన విల్లు బోర్డు హోదా పోగొట్టుకుని నా వాటాకి వచ్చింది.

మా ఆయన వాళ్ళ నాన్నతో, "నిజమే నాన్నా, అది గోడకే అందం" అన్నాడు. రాత్రి నాతో, "నిజమేనే, అది నీకే ఉండాల్సింది" అన్నాడు. రెండు కొసలూ సమానం.

చలికాలం చివరి పరీక్షకి విల్లు బోర్డుతోనే వెళ్ళాను. అది నాకన్నా పొడుగు. దాన్ని వంచడానికి నా బరువు సరిపోదు. అదే వాలు, అదే తొడలోతు మంచు. బావగారు మునిగిన చోటే నేనూ మునిగాను. ఈసారి టీ తెచ్చేవాళ్ళు లేరు.

లిదియా మార్కోవ్నా తనే దిగి వచ్చి నన్ను తవ్వింది. బోర్డు వంక చూసింది, నా వంక చూసింది.

"ఆ రోజుదేమైంది?"

"గోడ మీదుంది."

ఆవిడ నా బూట్ల మీది మంచు దులిపింది. తర్వాత, "నీ పాదం సైజెంత?" అని అడిగింది.

నేను చెప్పలేకపోయాను. నా కాళ్ళకున్నవి మా ఆడపడుచు వదిలేసిన బూట్లు, లోపల రెండు జతల ఉన్ని మేజోళ్ళు. పుట్టిల్లు వదిలాక ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. నాకు ఏడుపొచ్చింది. మంచులో కూర్చుని, ఆవిడ ముందే, ఏడ్చాను.

ఇంటికి వచ్చాక బావగారు చాలా పెద్దమనసుతో ఓదార్చారు. "ఆ వాలు ఆడవాళ్ళకి కాదులే అమ్మాయ్. మొన్నేదో గాలివాటంగా జరిగిపోయింది" అన్నారు. మామగారు బోర్డు వంక తలెత్తి చూసి, దాన్ని ఎంత సరైన చోట ఉంచామో అని తృప్తిగా నిట్టూర్చారు. దాని మీద అప్పటికే సన్నగా దుమ్ము పట్టింది. వారానికోసారి తుడిచే పని నాదే.

కాబట్టి పాఠకులారా, ఆకారాలు ఎక్కువయ్యాయని గొణుక్కోకండి. అవే లేకపోతే ఎవరు ఎక్కడ ఉండాలో మాకెలా తెలుస్తుంది? బోర్డుని ఎంచుకోవడం చాలా తేలిక. నడుం సన్నమా, ముక్కు వెడల్పా, విల్లా, ఊయలా అని బుర్ర పాడు చేసుకోనక్కర్లేదు. వరసలో మీరెక్కడున్నారో చూసుకోండి చాలు. అన్నిటికన్నా చివర ఉంటే గనక, టీ పోస్తూ ఏం మాట్లాడాలో ముందే ఆలోచించి పెట్టుకోండి.

నేను మాత్రం ఏడాదంతా ఆలోచించాను. తోక మాట ఒకసారే పనిచేస్తుంది. రెండు తోకలున్నదానికి వంక పెట్టడానికి అత్తగారికి కూడా ఏమీ తోచలేదు. చివరికి ఈ పత్రిక గుర్తొచ్చింది. మా మామగారు ఈ జిల్లా పత్రికని ప్రతి శుక్రవారం టీ వేళ మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా ఇంటిల్లిపాదికీ గట్టిగా చదివి వినిపిస్తారు. మధ్యలో ఆపడం ఆయన అలవాటు కాదు. గనిలో షిఫ్టు మధ్యలో వదిలి రాని మనిషి.

కోడలు మామగారిని ఏదీ అడగకూడదు. పత్రిక అడగొచ్చు. అందుకని, తాష్‌బెల్‌లో దీన్ని చదువుతున్న పెద్దాయనకి పత్రిక తరఫున మనవి. పరుపుల పైన ఉన్న బోర్డుని కిందికి దించండి. పరీక్ష ఎల్లుండి ఆదివారం, పైన కొత్త మంచు పడుతోంది. బావగారిని తవ్వి తీసింది ఆ బోర్డు మీద వెళ్ళిన మనిషి, బోర్డు కాదు. నా పాదం ముప్ఫై ఆరు. నేనే కొలుచుకున్నాను.

ఇక్కడ గొంతు తగ్గించక్కర్లేదు ఆతా. చదవండి. టీ పోస్తూ నేను మీ పక్కనే ఉన్నాను.